పిలిచినవాళ్ళే సాగనంపాలి

మతాల మీద ఎమ్మే చదువుతున్నానంటే మా తెనాలిలో జనం రెండు రకాలుగా చూస్తారు. కొందరు కాళ్ళకు దణ్ణం పెట్టబోతారు. కొందరు "వేరే సీటేదీ దొరకలేదా తల్లీ" అని జాలిపడతారు. నేను మాత్రం ఆ చదువులో ఉత్త ఆశతో చేరాను. చిన్నప్పుడు నాకు దేవుడు ఇంట్లో మనిషి. జడ వేసుకుంటూ ఆయనతో కబుర్లు చెప్పేదాన్ని, లెక్కల పరీక్ష ముందు తగువు పడేదాన్ని. అంత ఇష్టమైనవాడి గురించి రెండేళ్ళపాటు చదువుకోమంటే అంతకన్నా ఏం కావాలి?

సముద్రం ఒడ్డున కొండమీది విశ్వవిద్యాలయంలో రెండేళ్ళూ బుద్ధిగా చదివాను. ఏ దేవత ఎక్కడ పుట్టిందో, ఏ పూజ ఏ పూజలోంచి వచ్చిందో దస్తాలకు దస్తాలు రాశాను. ఒకరోజు హాస్టల్ గదిలో జ్వరంతో పడుకుని, అలవాటుగా దేవుణ్ణి పిలవబోతే నోట మాట రాలేదు. ఎవరిని పిలుస్తున్నాను? నా నోట్సులో ఎన్నో పేజీవాణ్ణి? రోజల్లా పొయ్యి దగ్గర నిలబడ్డ వంటమనిషికి ఆకలి చచ్చిపోయినట్టయింది నా పని. ఎవరికీ చెప్పుకోలేదు. మా మాస్టారికి చెబితే "శుభం, శాస్త్రదృష్టి వచ్చింది" అనేవారు.

డిగ్రీ చేతికి రావాలంటే చివర్లో ఒక పరిశోధన వ్యాసం ఇవ్వాలి. నాది సముద్రతీరపు దేవతల మీద. గంజాం తీరంలో మన తెలుగు జాలరి ఆడవాళ్ళు గంగమ్మను ఇంటికి పిలిచే పాట ఒకటుందనీ, దాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదనీ మాస్టారు ఎక్కడో విన్నారు. "ఆ పాట తెస్తే వ్యాసం తీసుకుంటాను. లేదంటే వచ్చే ఏడు మళ్ళీ రాసుకో" అన్నారు. దేవుడు లేని ఆ హాస్టల్ గదిలో ఇంకో ఏడాది ఉండే ఓపిక నాకు లేదు. అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డరూ నాలుగు క్యాసెట్లూ సంచీలో వేసుకుని, మాఘమాసంలో ఒక సాయంత్రం బరంపురం రైలెక్కాను.

బరంపురంలో బరాలు, బాబాయి ప్రశ్నలు

మా అమ్మకు పినతండ్రి కూతురు రాజేశ్వరి పిన్నిని బరంపురం ఇచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. వాళ్ళవి నాలుగు తరాలుగా బజారులో పప్పులూ బెల్లం పసుపూ టోకున అమ్మే కొట్లు. స్టేషనుకు తనే వచ్చింది. నాతో తెలుగు, రిక్షా అతనితో ఒడియా, దారిలో కనబడ్డ బ్యాంకాయనతో ఇంగ్లీషు ముక్కలు. ఒక ఊపిరిలో మూడూ దొర్లించేస్తుంది.

"ఏటమ్మా, అలగ ఎండిపోయినావు? మీ హాస్టల్లో అన్నం పెడతారా, పుస్తకాలు పెడతారా?" అంది.

పొద్దున్న ఫలహారం వీధి చివర కొట్టు నుంచి వచ్చింది. మన గారెల్లాంటివే, వీళ్ళు బరాలంటారు. మనం గారెకు అల్లప్పచ్చడి నంజుకుంటాం. ఇక్కడ దాని నెత్తిన వేడివేడి బఠాణీల కూర, గుగుని, కుమ్మరిస్తారు. రూపాయికి నాలుగు. మొదట మొహం చిట్లించాను. తరవాత ఇంకో రూపాయికి తెప్పించాను.

బాబాయి కొట్టుకు వెళ్ళబోతూ ఆగి అడిగారు. "ఏటి సదువుతున్నావమ్మా?"

"మతాల గురించి, బాబాయ్."

"ఏ మతం?"

"అన్నీ."

"అన్నీయా! మరి అయిపోయినాక ఏటి సేస్తావు? అన్ని గుళ్ళలోనూ పూజ సేస్తావేటి?" అని పకపకా నవ్వి, "పోనీలే, ఏ దేవుడి దగ్గర పనైనా మాకో మాట సెప్పు" అన్నారు.

బాబాయి వెళ్ళాక పిన్ని దేవుడి గదిలో దీపం పెట్టింది. మంత్రాలేం లేవు. అమ్మవారి పటం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, "కందిపప్పు బస్తా ఇంకా దిగనేదమ్మా, ఆయన నిద్రపోడు, నువ్వే సూడు" అని వదినతో చెప్పుకున్నట్టు చెప్పుకుంటోంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే నాకు కడుపు మండిపోయింది. అసూయే, ఇంకేం కాదు. ఇంత చదివి నేను పోగొట్టుకున్నది, ఏమీ చదవకుండా పిన్ని దగ్గర పదిలంగా ఉంది.

చికిటి: తప్పు ఊరు, మంచి తరవాణి

పాట తెలిసిన మనిషి పేరు పోలమ్మ అనీ, చికిటిలో దొరుకుతుందనీ మాస్టారికి ఎవరో చెప్పారు. మర్నాడు బస్సెక్కి చికిటి వెళ్ళాను. పరిశోధకురాలిగా నా మొదటి ఘనకార్యం అది. పోలమ్మ ఊరు చికిటి కాదు, తీరం మీది సోనేపూర్. సంతరోజున ఎండుచేపలు అమ్ముకోవడానికి వస్తుంది. సంత ముందురోజే అయిపోయింది.

ఆ సంగతి చెప్పింది భాగ్యం అని, కూలికి వెళ్ళే ఆవిడ. సంతరోజున పోలమ్మ తట్ట దించేది వాళ్ళ అరుగు మీదే. ఎండలో నా మొహం చూసి, ఏమీ అడక్కుండా చెంబుడు తరవాణి, అందులో కాసింత అన్నం, పక్కన ఉల్లిపాయ తెచ్చి పెట్టింది. తరవాణి అంటే కుండలో రోజుల తరబడి పులిసిన గంజి. మా వైపు చద్దన్నంలో పెరుగు పోసుకుంటాం గానీ ఈ పులుపు మేమెరగం. మొదటి గుక్కకు కళ్ళు మూతలు పడ్డాయి. మూడో గుక్కకు ఒళ్ళంతా చల్లబడింది.

నేను వచ్చిన పని విని భాగ్యం తల అడ్డంగా ఊపింది. "ఆవిడ పాడదమ్మా. ఉత్తినే పాడేది కాదది. బోయినానికి రమ్మని పిలిసీసి తలుపేసీసుకుంటావేటి?"

ఆ మాట బాగుందని నోట్సులో రాసుకున్నాను. అర్థం చేసుకోలేదు, రాసుకున్నాను.

సోనేపూర్: రాకుండా పిలవడం

మూడో రోజు సోనేపూర్. బస్సు దిగి సరుగుడు తోటల పక్కనుంచి ఇసకలో నడవాలి. ఒక చెప్పు తెగింది. రెండోదాన్ని కూడా చేత్తో పట్టుకుని, బాహుదా నది సముద్రంలో కలిసే వైపు ఉన్న ఇళ్ళ దాకా వెళ్ళాను. డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ ఒకావిడ ఎండుచేపల దగ్గర కూర్చుని కర్రతో కాకుల్ని తోలుతోంది. నోట్లో చుట్ట. నిప్పు ఉన్న కొస లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. నోరు కాలదా అని నేను చూస్తూ ఉండగా చుట్ట తీసి అడిగింది.

"ఎవులమ్మా నువ్వు?"

ఆవిడే పోలమ్మ. నేను వచ్చిన పని చెప్పాను, రికార్డరు చూపించి గంగమ్మ పాట కావాలన్నాను.

"పాటేటి? అది పాట కాదు, పిలుపు. పిలిస్తే వొచ్చీస్తాది."

"రాకుండా పాడలేరా?" అన్నాను. నిజంగానే అడిగాను, నవ్వులాటకు కాదు.

పోలమ్మ ఇంట్లోకి కేకేసింది. "ఓలే లచ్చిమీ! ఇలగ రాయే. ఈ గుంట ఏటంటన్నాదో ఇను. రాకుండా పిలవాలట!" కోడలు లచ్చిమి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, గత్యంతరం లేక.

తరవాత పోలమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఆవిడ నీళ్ళలో ఉంటాది. మావోళ్ళు తెప్పేసుకుని ఎల్తే ఆవిడ ఒళ్ళో ఉన్నట్టే. ఆవిడ్ని ఇంటికి పిలిసీసినామనుకో, నీళ్ళలో ఎవులున్నట్టు? అందుకే ఏడాదికి ఒక్క దినమే పిలుస్తాం. వానలెల్లిపోయినాక పెద్ద వేట మొదలెట్టే ముందు రోజు, తెప్పలన్నీ ఒడ్డునున్నపుడు. వొస్తాది, తింటాది. మర్నాడు సాగనంపుతాం. ఆవిడ నీళ్ళలోకి ఎల్లినాకే మగోళ్ళు ఎల్తారు. అప్పుడు రా. ఇంటావు, సూస్తావు, తింటావు."

వానలు వెళ్ళిపోయేదాకా మాస్టారు ఆగరు. ఆ సాయంత్రం తెగిన చెప్పుతో, ఖాళీ క్యాసెట్లతో బరంపురం చేరాను. చెప్పు కుట్టడానికి ముప్పావలా తీసుకున్నాడు.

సోనేపూర్, మళ్ళీ

మర్నాడు పిన్ని ఇచ్చిన పసుపూ రవికెగుడ్డా పట్టుకుని వెళ్ళాను. లంచమే, దాచడమెందుకు. నా ఎత్తు ఏమిటంటే, మొత్తం పిలుపు పాడితే దేవత వస్తుంది గానీ ఒక్క చరణానికి రాదు కదా! సగం తాళంచెవితో తలుపు తెరుచుకుంటుందా? చదువుకున్న బుర్ర కదా, ఇలాంటివి బాగానే తడతాయి.

పోలమ్మ రవికెగుడ్డ పక్కన పెట్టి నన్నే చూసింది. "మిషను సంగతి సరే. నీకేటి కావాలి ఆవిడ దగ్గర?"

ఎవరూ నన్నలా అడగలేదు. "నాకు పిలవడం చేతకావట్లేదమ్మా" అన్నాను. "చిన్నప్పుడు వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. ఎంత పిలవాలనుకున్నా నోరు పెగలట్లేదు." అంత పెద్దదాన్ని ఎండుచేపల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"అదేటి సదువే తల్లీ," అంది పోలమ్మ, "పిలవడం మరిపించీసే సదువు?"

కాసేపు సముద్రం వైపు చూసింది. చుట్ట ఆర్పింది. నా చెయ్యి రికార్డరు బొత్తాం మీద పడింది, ఏడుస్తూ కూడా ఆ బుద్ధి పోలేదు. ఆవిడ అందుకుంది.

ఏదో గంభీరంగా ఉంటుందనుకున్నాను. కాదు. పెరట్లో ఉన్న కూతుర్ని అన్నానికి పిలిచినట్టుంది. గవ్వలు గుచ్చుకుంటాయి చూసి అడుగెయ్యమని, తడికొంగు పిండుకుని రమ్మని, అన్నం దించేశాం, నీ పీట మీద ఎవరూ కూర్చోలేదని. అంతే. నా ఒక్క చరణం పథకం ఆవిడకు చెప్పనేలేదు. ఆవిడ మొత్తం పిలిచేసింది.

సగంలో ఉండగానే లచ్చిమి చాట కింద పడేసి ఒడ్డుకు పరుగెత్తింది. మధ్యాహ్నం వేటకు నాలుగు తెప్పలు నీళ్ళలోకి తోస్తున్నారు. చేతులూపుతూ అరుస్తోంది. "ఆగండి! అమ్మ ఒడ్డుకొచ్చీసింది!" మగవాళ్ళు తోసేవాళ్ళు తోసినట్టే ఆగిపోయారు. ఒక తెప్ప అప్పటికే అలల మీద ఉంది. దాన్ని నడుము లోతు నీళ్ళలోంచి వెనక్కి ఈడ్చుకొచ్చారు.

పోలమ్మ కొడుకు అప్పన్న రొప్పుతూ వచ్చాడు. "ఏటే అమ్మా, ఈయాలప్పుడు ఏటి పిలుపు? కవళ్ళ సేపల గుంపు కళ్ళకి కనబడతన్నాది!"

"పిలిసీసినాను. ఎల్తావా మరి? ఎల్లు."

అప్పన్న వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు. అతను నా వైపు తిరిగి, "సదువుకున్నోలు మీరు. ఇయాల మా పొయ్యిల్లో ఏటి పెట్టుకోమంటారు?" అన్నాడు. సంచీలో చెయ్యి పెట్టి డబ్బు తీయబోయాను. "ఆవిడొచ్చిన ఇంట్లో డబ్బులు తియ్యకు" అని మొహం తిప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఒక్క దినం వేట పోతే పోనీరా," అంది పోలమ్మ కొడుకుతో. "ఇది ఎక్కడినుంచి ఏడుసుకుంటా వొచ్చిందో సూసినావా?" తరవాత నాతో అంది. "నీ కోసరం పిలిసినాను. నీ ఇంటికొచ్చిన ఆడపడుసు. పెట్టడం నీదే, పంపడం నీదే. పిలిసినోలే సాగనంపాల. పంపకపోతే ఎల్లదు, నీ గుమ్మంలోనే కూకుంటాది."

కోమటి పిల్ల వండిన చేపలపులుసు

పూనకం రాలేదు, ఎవరూ ఊగలేదు. పుస్తకాల్లో చదివినవేవీ జరగలేదు. జరిగిందల్లా ఏమిటంటే, ఇంట్లో అందరూ చుట్టం వచ్చినప్పటిలా అయిపోయారు. గోడ పక్కన పీట వేశారు. లచ్చిమి కాళ్ళు చాపుకుంటే పోలమ్మ "ఆవిడ ముందరా?" అని కసిరింది. గొంతులు తగ్గాయి. అప్పన్న కూడా ఆ పీట ముందునుంచి వెళ్ళేటప్పుడు కాస్త వంగి వెళ్ళాడు.

వంట నాది. గంగమ్మకు పప్పూ చారూ పనికిరావు, చేపలే. పుట్టి బుద్ధెరిగి నేను చేపను ముట్టుకోలేదు. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశినాడు గుమ్మం దాటి రాదు. లచ్చిమి పక్కన కూర్చుని పొలుసు గీకడం నేర్పింది. రెండుసార్లు చేప చేతిలోంచి జారింది, ఒకసారి నేనే జారాను. పులుసులో ఉప్పు రెట్టింపు పడింది. ఆకులో వడ్డించి పీట ముందు పెట్టాను.

"ఉప్పెక్కువైంది" అన్నాను పోలమ్మతో.

"నాకెందుకు సెప్తావు? ఆవిడికి సెప్పు."

పీట వైపు తిరిగాను. ఖాళీ పీట. "ఉప్పెక్కువైందమ్మా, ఏమనుకోకు" అన్నాను. ఎన్నాళ్ళకో అలా మాట్లాడడం. అప్పుడు తెలియలేదు. లచ్చిమి పరిచిన మొగలాకు చాప మీద పడుకోబోతున్నప్పుడు తట్టింది.

ఎల్లిరా తల్లీ

తెల్లవారగానే స్నానం చేసి, పసుపు రాసిన గుడ్డలో బియ్యం మూటకట్టి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగాను. ఊరు ఊరంతా వెనక నిలబడింది. తెప్పలు సిద్ధంగా ఉన్నాయి. మూట నీళ్ళలో వదిలి "ఎల్లిరా తల్లీ" అని మూడుసార్లు అనాలి. మూడోసారికి ఆవిడ వెళ్ళిపోతుంది.

మొదటిసారి అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి నోరు రాలేదు. వెళ్ళిపొమ్మని ఎలా అనడం? రెండేళ్ళ తరవాత ఇప్పుడే కదా వచ్చింది, ఒక పూట కూడా సరిగ్గా మాట్లాడుకోలేదు కదా! అల వచ్చి చీర తడిపి పోతోంది. వెనక ఎవరో సన్నగా దగ్గారు. పోలమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అందరికీ అలగే ఉంటాది," అంది. "మూడోది కూడా అనీసీ. మగోళ్ళు ఎదురుసూస్తన్నారు."

అన్నాను. తెప్పలు నన్ను దాటుకుని నీళ్ళలోకి వెళ్ళాయి. అప్పన్న వెళుతూ నా వైపు చూసి తలాడించాడు. నేను ఒడ్డున నిలబడి అవి చుక్కలయ్యేదాకా చూశాను.

తిరిగి వచ్చాక

రెండు నెలలకు వైవా. మాస్టారితో కలిపి ముగ్గురు పెద్దలు, బల్లకు ఇటువైపు నేను. నాలుగో కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. అంతా బాగానే సాగింది. చివర్న మాస్టారు గర్వంగా "ఆ పాట వినిపించమ్మా" అన్నారు.

"వినాలా సార్? వ్యాసంలో మొత్తం రాశాను" అన్నాను.

"వినకపోతే ఎలా? అదే కదా నీ వ్యాసానికి ప్రాణం!"

బొత్తాం నొక్కాను. పోలమ్మ గొంతు గదిలోకి వచ్చింది. గవ్వలు చూసి అడుగెయ్యమంది, అన్నం దించేశామంది. ఒకాయన వేళ్ళతో తాళం లెక్కపెట్టారు. ఇంకొకాయన "సంబోధన చాలా ప్రాచీనం" అని రాసుకున్నారు. పాట అయ్యాక, మంచి సేకరణ, టీ తాగి వద్దాం అని ముగ్గురూ లేచి వెళ్ళిపోయారు.

గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఖాళీ కుర్చీని కాస్త ఇవతలకు లాగాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో! అయినా లాగాను. పెట్టేవాళ్ళు లేరు, పంపేవాళ్ళు లేరు. పంపకపోతే వెళ్ళదన్నారు కదా. "ఉండిపో" అన్నాను పైకే. "నా దగ్గరే ఉండిపో." అంత సంతోషం నేను ఆ రెండేళ్ళలో ఎరగను.

గోడ గడియారం చూశాను. పదిన్నర. ఆ వేళకు అప్పన్న నీళ్ళ మీద ఉంటాడు.

ఇక కూర్చోలేకపోయాను. టేపులో గొంతు పిలిస్తే దేవత వస్తుందా అన్నది మంచి పరిశోధన ప్రశ్నే. నాకు ఆలోచించే తీరిక లేదు. వైవా మధ్యలో వదిలేసి హాస్టల్ వంటింటికి పరుగెత్తాను, గుప్పెడు బియ్యం, చిటికెడు పసుపు రుమాల్లో కట్టుకుని, మా విశ్వవిద్యాలయం కింద ఉన్న సముద్రానికి పరుగు. షికారుకొచ్చిన వాళ్ళంతా చూస్తుండగా మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాను. సోనేపూర్ వాళ్ళ మాటలోనే అన్నాను, నా భాషలో చెబితే వెళుతుందో లేదో అని. ఎల్లిరా తల్లీ. ఎల్లిరా తల్లీ. మూడోది ఈసారి కూడా గొంతుకు అడ్డం పడింది. భుజం మీద చెయ్యి వెయ్యడానికి పోలమ్మ లేదు. నాకు నేనే చెప్పుకుని అన్నాను.

వెనక్కి వచ్చేసరికి పెద్దలు వెళ్ళిపోయారు. మాస్టారు చాలా రోజులు మాట్లాడలేదు. రెండో తరగతి ఇచ్చారు.

వానలు వెళ్ళాక రమ్మంది పోలమ్మ. ఇంకా అయిదు నెలలుంది. క్యాసెట్ తెనాలిలో నా దగ్గరే ఉంది. బెంగ పట్టలేని పూట దాన్ని తీసి రికార్డరులో పెడతాను, బొత్తాం మీద వేలు వేస్తాను. ఒక్కసారి నొక్కితే చాలు. ఇవాళ పొద్దున్న కూడా వేశాను. ఆకాశం తేటగా ఉంది, వేటకు మంచి రోజు. వేలు తీసేశాను.